దారి మోసే బరువు

గుంటూరుకూ తెనాలికీ మధ్య ఉన్న సంగం జాగర్లమూడిలో రెండు కాలాల దారులు దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. ఒకటి కృష్ణా పశ్చిమ డెల్టా కాలువ. ఒకప్పుడు పడవలు నడిచిన ఆ నీళ్ళు ఇప్పుడు ఇక్కడి హెడ్ వర్క్స్ నుంచి గుంటూరు నగరానికి తాగునీరుగా వెళ్తున్నాయి. రెండోది రైలు మార్గం. 1916లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే గుంటూరు నుంచి రేపల్లె దాకా వేసిన బ్రాడ్‌గేజ్ లైను ఈ ఊరి మీదుగానే పోతుంది. ఈ డెల్టా మనిషికి ఇప్పుడు మూడో దారి కూడా ఉంది. గన్నవరంలోనో శంషాబాదులోనో విమానమెక్కి నెలల తరబడి దేశాలు తిరిగి రావచ్చు. అలా బయల్దేరేవాళ్ళకు మొదట ఎదురయ్యేది సామాను సమస్య. ఏ సంచి కొనాలి, ఎన్ని జతల బట్టలు పెట్టుకోవాలి, ఏది వదిలేయాలి? దీని మీద తరచుగా ఒక మాట వినిపిస్తుంది. వీపున ఒక్క సంచి తగిలించుకుని తిరగడం తెల్లవాళ్ళ అలవాటనీ, మనది మొదటి నుంచీ మూటాముల్లె కట్టుకుని, పెట్టే బేడా సర్దుకుని కదిలే పద్ధతనీ అంటారు. చరిత్ర ఈ మాటను ఒప్పుకోదు. ఎనిమిది వస్తువులతో ఊళ్ళు తిరిగినవాళ్ళు ఈ కృష్ణ ఒడ్డున రెండు వేల ఏళ్ళ కిందటే ఉన్నారు. వంద మంది పరివారంతో కదిలిన తెలుగువారూ ఉన్నారు. వాళ్ళు నడిచిన దారులు వేరు కాబట్టే వాళ్ళ సామాన్లు వేరయ్యాయి. దారి ఇచ్చేది మనిషి మోయనక్కర్లేదు. దారి ఇవ్వనిది ఎవరో ఒకరు మోయక తప్పదు. తెలుగువాళ్ళ ప్రయాణ సామాను చరిత్ర అంతా ఈ ఒక్క సూత్రం మీద నడిచిందని నా వాదన.

మొదటి సాక్ష్యం మన పక్కనే ఉంది. రేపల్లెకు దగ్గర్లోని భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతు కరండాల మీది బ్రాహ్మీ శాసనాలు క్రీస్తుకు పూర్వపువి. కృష్ణకు ఎగువన అమరావతి, ఇంకా ఎగువన నాగార్జునకొండ. ఈ చోట్ల మధ్య తిరిగిన బౌద్ధ భిక్షువుల సామాను ఏమిటో వాళ్ళ సంప్రదాయం లెక్కగట్టి చెప్పింది. వాటిని అష్ట పరిష్కారాలంటారు. మూడు చీవరాలు, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నడుముకు కట్టుకునే పట్టీ, నీళ్ళు వడగట్టుకునే గుడ్డ. భిక్షువుల నడవడికకు పెట్టిన వినయ నియమాలు అక్కడితో ఆగలేదు. అదనంగా దొరికిన చీవరాన్ని పది రోజులకు మించి దగ్గర ఉంచుకోకూడదు. అదనపు పాత్రకూ అదే గడువు. దారిలో ఎవరైనా గొర్రె ఉన్ని ఇస్తే, మోసిపెట్టేవాళ్ళు లేనప్పుడు తానే మోసుకోవచ్చు గానీ మూడు యోజనాలు దాటితే దోషం. ఈ జాబితాలో లేనివేమిటో కూడా చూడాలి. పొయ్యి లేదు, బియ్యం లేవు, వంటగిన్నె లేదు, పడక లేదు, డబ్బు లేదు, వాన నుంచి కాపాడే డేరా లేదు. ఇవన్నీ దారిలో ఉన్నాయి. అన్నం ఊరివాళ్ళ ఇళ్ళలో ఉంది, పడక విహారంలో ఉంది. వానాకాలం మూడు నెలలూ ఒకే చోట ఆగిపోవాలన్న వర్షావాస నియమం ఉండగా గొడుగులతో, డేరాలతో పనేముంది? ఆ ఎనిమిది వస్తువుల జాబితా వైరాగ్యం ఒక్కదానితోనే నిలబడలేదు. విహారాలకు భూములిచ్చిన రాజులు, స్తూపాలకు స్తంభాలూ ఫలకాలూ ఇచ్చిన వర్తకులు, గృహిణులు, చేతివృత్తులవాళ్ళు దాని వెనక ఉన్నారు. అమరావతి శిల్పాల మీద చెక్కిన దాతల పేర్లు భిక్షువు వీపు మీద నుంచి బరువు దించినవాళ్ళ పేర్లు.

ఏడో శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన హ్యూయన్ త్సాంగ్ ప్రయాణం ఇదే సూత్రాన్ని రెండు వైపుల నుంచీ రుజువు చేస్తుంది. ఆయన ధాన్యకటకంలో, అంటే ఇవాళ్టి అమరావతి ప్రాంతంలో, కొన్ని నెలలుండి అభిధర్మం చదువుకున్నాడు. తర్వాతి శతాబ్దాల చిత్రకారులు ఆయన్ని ఒంటరి బాటసారిగా గీశారు. వీపున ఎత్తయిన వెదురు చట్రం, అందులో గ్రంథాల చుట్టలు, తల మీదికి వంగిన కప్పు. నేటి వీపుసంచికి ముత్తాత లాంటి ఆ బొమ్మ ప్రపంచమంతా ప్రసిద్ధం. చరిత్ర మాత్రం ఆ బొమ్మ కంటే వివరంగా చెబుతుంది. బయల్దేరిన కొత్తలోనే గావ్‌చాంగ్ రాజు ఆయనకు గుర్రాలూ ధనమూ ఇచ్చాడు. అంతకంటే ముఖ్యంగా దారిలోని రాజ్యాలకు 24 పరిచయ లేఖలు రాసిచ్చాడు. ఆ లేఖలకు బరువు లేదు, కానీ ఒక్కొక్కటీ ఒక రాజ్యంలో తిండికీ వసతికీ భద్రతకూ హామీ. తిరుగు ప్రయాణంలో ఆయన దగ్గర 657 గ్రంథాలు, 520 కట్టలుగా ఉన్నాయి. వాటిని 645లో రాజధాని చాంగాన్ చేర్చడానికి 20 గుర్రాలు కావాల్సి వచ్చింది. సింధు నది దాటుతున్నప్పుడు పడవ ఊగి కొన్ని ప్రతులు నీళ్ళపాలయ్యాయి కూడా. గ్రంథాలను దారి ఇవ్వలేదు. వాటిని ఎక్కడో ఒక చోట సంపాదించి సొంతానికి మోసుకుపోవాల్సిందే. అదే మనిషి, అదే వ్రతం, అవే విహారాలు. దారి ఇవ్వగలిగిన వస్తువుల విషయంలో ఆయన తేలిగ్గా ఉన్నాడు, ఇవ్వలేని వస్తువు విషయంలో బరువయ్యాడు.

ఇక గృహస్థు సంగతి. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అన్న సామెత పుట్టిన కాలంలో దూరం ఒక్కటే భయం కాదు. రోగం, దొంగలు, తిండి, నీళ్ళు అన్నీ భయాలే. దానికి తోడు ఆచారం. మడి కట్టుకుని వండుకోవాలి, ఎవరు పడితే వాళ్ళు వండింది తినకూడదు, ఎవరు పడితే వాళ్ళు తాకిన నీళ్ళు తాగకూడదు. అంటే దారి పక్కన అన్నం ఉన్నా లేనట్టే. ఆ అన్నాన్ని కాదనుకున్న బరువు గిన్నెలుగా, నెయ్యి కుండలుగా, పప్పు మూటలుగా వెంట రావాలి. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. వెంట దాదాపు వంద మంది. పల్లకీ మోసే బోయీలు, కావడివాళ్ళు, వంటవాళ్ళు, కాపలావాళ్ళు, డేరాలు. సంపన్నుడి ఆడంబరంగా ఇది కనబడవచ్చు. లెక్క వేసి చూస్తే వేరుగా తేలుతుంది. కావడి అంటే భుజం మీద ఒక బద్ద, రెండు కొసల నుంచీ వేలాడే ఉట్లు. రెండు వైపులా బరువు సమంగా ఉంటేనే నడక సాగుతుంది. అలా ఒక మనిషి మోయగలిగింది కొద్దిగానే. ఆ మోసే మనిషికీ రోజూ తిండి కావాలి, ఆ తిండి దొరకని మజిలీల్లో దాన్ని మోయడానికి ఇంకో మనిషి కావాలి. అడవి దారిలో దొంగల భయం ఉంటే గుంపు ఇంకా పెరగాలి. దారి ఖాళీగా ఉన్నకొద్దీ పరివారం దానంతటదే పెరుగుతుంది. వీరాస్వామయ్య పరివారం ఆయన హోదాను చెప్పిన దానికంటే 1830 నాటి మద్రాసు–నాగపూరు–కాశీ దారి స్థితిని ఎక్కువ చెబుతుంది.

ఆయన మరణించాక 1838లో అచ్చయిన కాశీయాత్ర చరిత్రను ఈ కోణం నుంచి చదివితే అది ఒక సామాను పుస్తకం. మజిలీ మజిలీకీ అక్కడ అంగళ్ళున్నాయా, కావలసిన వస్తువులు దొరుకుతాయా, దిగడానికి చోటుందా, నీళ్ళెలా ఉన్నాయి, దారి రాళ్ళదా బురదదా అని ఆయన రాసుకుంటూ పోయారు. తన వెనక వచ్చేవాళ్ళు ఏది మోయనక్కర్లేదో తెలుసుకోవడానికి అంతకు మించిన సాయం ఏముంటుంది? సమాచారం కూడా దారిలో భాగమే. ఫలానా ఊళ్ళో బియ్యం దొరుకుతాయని ముందే తెలిస్తే ఆ ఊరి దాకా సరిపడా బియ్యమే కడతాం, తెలియకపోతే రెండింతలు కడతాం. మన మూటల్లో సగం బరువు తెలియనితనం బరువు. సత్రాలు, చెరువు గట్టు మండపాలు, చలివేంద్రాలు చేసిన పని కూడా ఇదే. గోదావరి లంకల్లో లంకల గన్నవరానికి చెందిన డొక్కా సీతమ్మ (1841–1909) ఆ దారిన పోయేవాళ్ళకు వేళ కాని వేళలో కూడా అన్నం పెట్టారు. ఆమె గురించి మనం దానగుణం వైపు నుంచే చెప్పుకుంటాం. ప్రయాణికుడి వైపు నుంచి కూడా చూడాలి. రేవు దాటాక అన్నం దొరుకుతుందన్న నమ్మకం ఉన్నవాడు ఇంటి దగ్గర చద్ది మూట ఒకటి తగ్గించుకుంటాడు. కాశీలో, శ్రీశైలంలో కరివేన సత్రం లాంటివి నిలబడ్డాక యాత్రికుడి గిన్నెలూ పొయ్యి సామానూ ఇంట్లోనే ఉండిపోయాయి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. ఆ సత్రాలు అందరివీ కావు. ఎన్నో సత్రాలు ఒక్కో కులానికి కట్టినవి, ఎన్నో బావుల దగ్గరికి దళితులను రానివ్వలేదు. రైల్వే స్టేషన్లలో సైతం హిందువుల నీళ్ళు వేరు, ముస్లిముల నీళ్ళు వేరు అని పెట్టిన కాలం ఉంది. అలాంటప్పుడు దారి ఇచ్చిందని చెప్పడం కొందరి అనుభవాన్ని అందరికీ అంటగట్టడం కాదా? ఈ అభ్యంతరం న్యాయమైనది. అయితే అది నా వాదనను కొట్టేయడం లేదు, దానికి ఉండాల్సిన పదును ఇస్తోంది. దారి ఏమిస్తుంది అన్న ప్రశ్న ఎప్పుడూ ఎవరికిస్తుంది అన్న ప్రశ్నతో కలిసే ఉంటుంది. ఒకే రోడ్డు మీద, ఒకే రోజున, ఒకే ఊరికి వెళ్ళే ఇద్దరిలో సత్రం తలుపు తెరుచుకున్నవాడు చేతులూపుకుంటూ నడిచాడు. తెరుచుకోనివాడు నీళ్ళ కుండ, ముంత, గింజలు మోసుకున్నాడు, లేదా ఆ ఊళ్ళో బంధువు ఉన్నాడో లేడో చూసుకుని గానీ కదల్లేదు. అందుకే తేలిక సామానును సంస్కారానికో నిరాడంబరతకో గుర్తుగా పొగడడం నాకు సమ్మతం కాదు. అది చాలాసార్లు ఒక హక్కుకు గుర్తు. డబ్బిస్తే కులం అడగకుండా భోజనం పెట్టే హోటళ్ళు, టిక్కెట్టు కొన్న అందరినీ ఒకే పెట్టెలో కూర్చోబెట్టిన రైళ్ళు వచ్చిన తర్వాతే తేలిగ్గా ప్రయాణించే వీలు నలుగురికీ పంచబడడం మొదలైంది. అది కూడా ఒక్క రోజులో జరగలేదు.

డెల్టాలో ఈ మార్పు నీళ్ళ మీద మొదలైంది. 1850లలో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువలు తవ్వాక సాగునీటితో పాటు పడవల దారి కూడా ఏర్పడింది. కొమ్మమూరు కాలువ 113 కిలోమీటర్లు సాగి పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువను కలుస్తుంది. అక్కడి నుంచి మద్రాసు దాకా మరో 316 కిలోమీటర్లు. లాకుల దగ్గర ఆగుతూ, గాలి ఉంటే తెరచాపతో, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు లాగుతూ వెళ్ళే పడవలో బరువుకు వెరవక్కర్లేదు. ధాన్యం బస్తాలు మోసేదానికి మనిషి మూట ఒక లెక్కా? కానీ ప్రయాణం రోజుల తరబడి సాగుతుంది కాబట్టి ఉప్పూ పప్పూ కట్టుకోవాల్సిందే. 1899లో బెజవాడ–మద్రాసు రైలు మార్గం, 1916లో రేపల్లె లైను వచ్చి ఆ రోజులను గంటల్లోకి కుదించాయి. వంట సామాను మాయమైంది. దాని స్థానంలో రెండు కొత్త వస్తువులు వచ్చాయి, ట్రంకు పెట్టె, హోల్డాలు. రేకు ట్రంకుకు తాళం ఉంటుంది, ఎందుకంటే రైలు పెట్టెలో పక్కవాడు ఎవరో తెలియదు. దాని మీద కూర్చోవచ్చు, పిల్లల్ని పడుకోబెట్టవచ్చు. కాన్వాసు హోల్డాలులో పరుపు, దుప్పటి, దిండు చుట్టి పట్టీలతో బిగిస్తారు. ఎందుకంటే రైలు మనిషిని మోసింది గానీ పడక ఇవ్వలేదు, దిగిన ఊళ్ళో బస కూడా చాలాసార్లు పడక ఇవ్వలేదు. ఏసీ పెట్టెల్లో దుప్పట్లు ఇవ్వడం, లాడ్జీల్లో పరుపులుండడం మామూలయ్యాక హోల్డాలు అటకెక్కింది. ఎవరూ దాన్ని వదులుకోమని ఉపదేశించలేదు, దారి పడక ఇచ్చింది, అంతే. స్లీపరు ప్రయాణికుడికి 40 కిలోల దాకా ఉచితమన్న రైల్వే నిబంధన ఇప్పటికీ ఉంది. అంత బరువు తీసుకెళ్ళే అవసరమే చాలామందికి పోయింది.

సముద్రం దాటినవాళ్ళ చరిత్ర ఈ వాదనకు కఠినమైన పరీక్ష. 1860 అక్టోబరులో మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. 1903లో ఎల్బ్ ఓడ మద్రాసు నుంచి ఫిజీకి కూలీలను తీసుకెళ్ళింది. కోరంగి, కాకినాడ రేవుల నుంచి రంగూనుకు వెళ్ళినవాళ్ళకు లెక్కే లేదు, బర్మాలో తెలుగువాళ్ళందరికీ కోరంగీలన్న పేరే స్థిరపడింది. వీళ్ళ సామాను ఒక చిన్న మూట. ఓడలో తిండి పెట్టారు కదా, దారి ఇచ్చింది కదా అంటే సరిపోదు. ఆ తిండి వెనక ఐదేళ్ళ ఒప్పందం ఉంది, లేదా మేస్త్రీ చేతిలో పెట్టిన బయానా అప్పు ఉంది. దారి ఇచ్చేదానికి ఎవరు, ఏ రూపంలో చెల్లిస్తున్నారన్నది కూడా లెక్కలో చేరాలి. అదే కాలంలో, 1873లో, మద్రాసు నుంచి పోతం జానకమ్మ రాఘవయ్య ఇంగ్లండు వెళ్ళి తన యాత్రను తెలుగులో రాశారు, అది 1876లో ఇంగ్లీషులోనూ వచ్చింది. సూయజ్ కాలువ, ఆవిరి ఓడలోని వసతులు ఆమెకు దారి అయ్యాయి. సముద్రం ఒకటే, దారులు రెండు. 1942లో రంగూను జపాను చేతిలో పడ్డాక దారి పూర్తిగా తెగిపోయింది. లక్షలమంది భారతీయులు, వాళ్ళలో ఎందరో తెలుగువాళ్ళు, తౌంగుప్ కనుమ మీదుగా అరకానుకూ, టాము మీదుగా ఇంఫాలుకూ నడిచారు. తెల్లవాళ్ళకు వసతులున్న దారి, నల్లవాళ్ళకు లేని దారి అని విడదీశారని అప్పటి మన నాయకులు నిరసన తెలిపారు. మోయగలిగినంత తీసుకుని బయల్దేరినవాళ్ళు కొండల్లో ఒక్కొక్కటే వదిలేస్తూ కట్టుబట్టలతో చేరారు, చేరనివాళ్ళు వేలల్లో ఉన్నారు. ఆ నడకను తేలిక ప్రయాణమని ఎవరూ అనలేరు. ఎంచుకుని తగ్గించుకుంటే తేలిక, గతిలేక పోగొట్టుకుంటే లేమి. ఈ రెండింటినీ ఒకే గాట కట్టి పేదవాడి చిన్న మూటను నిరాడంబరత అని మెచ్చుకోవడం అన్యాయం.

ఇక అమెరికా పెట్టెలు. 1965లో అక్కడి వలస చట్టం మారాక డాక్టర్లు, ఇంజనీర్లు, ఆ వెనక విద్యార్థులు గుంటూరు, తెనాలి ప్రాంతాల నుంచి వెళ్ళడం పెరిగింది. విమాన సంస్థలు ఒకప్పుడు 32 కిలోల చొప్పున, తర్వాత 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు అనుమతించాయి. వాటిలో ప్రెషర్ కుక్కరు, కందిపొడి, కారప్పొడి, గోంగూర పచ్చడి, ఆవకాయ. అక్కడి దారి అప్పట్లో ఇవేవీ ఇచ్చేది కాదు, కాబట్టి మోశారు. ఇప్పుడు పెద్ద నగరాలన్నింటిలో ఇండియన్ దుకాణాలున్నాయి, అయినా పెట్టెలు నిండుతూనే ఉన్నాయి, మరి ఆ సూత్రం ఏమైందని అడగవచ్చు. ఆ పచ్చడి ఇంకా దారి ఇవ్వని వస్తువే అని నా సమాధానం. దుకాణంలో దొరికేది గోంగూర, అమ్మ చేతి పచ్చడి కాదు. వలస వెళ్ళేవాడు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్తున్నాడు, అతని పెట్టె ఇల్లు కట్టుకునే సామాను. నెలల తరబడి ఊరూరా తిరగబోయేవాడు అదే పెట్టెను నమూనాగా పెట్టుకుంటే మాత్రం చిక్కు. మన కుటుంబాల్లో విదేశం అనగానే 23 కిలోల పెట్టెలు రెండు గుర్తుకు రావడమే తేలిక ప్రయాణం మనది కాదన్న అపోహకు అసలు మూలం. ఆ అలవాటు వయసు అరవై ఏళ్ళు, భట్టిప్రోలు భిక్షువు జాబితా వయసు రెండు వేల ఏళ్ళు పైన.

ఇదంతా వస్తువుల నాణ్యత వల్ల వచ్చిన మార్పు కాదా, నైలాను, జిప్పులు, చక్రాలు లేకపోతే ఇవాళ్టి తేలిక ఎక్కడిది అనేవాళ్ళూ ఉన్నారు. నైలాను సంచి బరువును తగ్గించిన మాట నిజం. ఖాళీ రేకు ట్రంకును ఎత్తి చూసిన ఎవరికైనా ఆ తేడా తెలుస్తుంది. కానీ చక్రాల చరిత్ర వేరే పాఠం చెబుతుంది. బెర్నార్డ్ శాడో అనే అమెరికన్ 1972లో చక్రాల సూట్‌కేసుకు పేటెంటు పొందాడు. 1987లో రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ నిలువుగా లాక్కుపోయే రెండు చక్రాల పెట్టె చేశాడు. చక్రం సామానును తగ్గించలేదు, సామాను బాధను నేల మీదికి మార్చింది. నున్నటి నేల ఉన్నంతసేపూ 23 కిలోలు బరువనిపించదు. రాళ్ళు పరిచిన పాత యూరపు వీధి, లిఫ్టు లేని మూడో అంతస్తు, బురద రేవు వచ్చినప్పుడు పెట్టె ఒక్కసారిగా తన అసలు బరువు చూపిస్తుంది. వస్తువు ఎంత తేలికైనా దారి ఏమిస్తుందో లెక్క వేయనివాడు తేలిక వస్తువులనే ఎక్కువ నింపుతాడు. మన కాలంలో ప్రొఫెసర్ మాచవరపు ఆదినారాయణ నడకనే యాత్రగా చేసుకుని భ్రమణకాంక్ష, భూభ్రమణ కాంక్ష లాంటి పుస్తకాలు రాశారు. నడిచేవాడు ప్రతి వస్తువునూ అడుగడుగునా తూచుకోవాలి. ఆ తూకం సంచి తయారీదారు వేసిపెట్టేది కాదు.

ఈ చరిత్ర నుంచి ఇవాళ బయల్దేరేవాళ్ళకు పనికొచ్చే లెక్కలు తీయవచ్చు. ఆసియాలోని చౌక విమానాల్లో చాలావాటికి చేతిసంచి పరిమితి 7 కిలోలు. 35 నుంచి 40 లీటర్ల వీపుసంచి, సుమారు 55 సెంటీమీటర్ల ఎత్తు దాటకుండా ఉంటే చాలా చోట్ల పెట్టె అప్పగించే పనే ఉండదు. నడుం పట్టీ ఉన్నది తీసుకోవాలి, బరువు భుజాల మీద కాకుండా తుంటి మీద కూర్చోవాలి. త్వరగా ఆరే బట్టలు ఒంటి మీదివి కాక రెండు మూడు జతలు చాలు. ఉతుక్కునే చోటు ఏ ఊళ్ళోనైనా ఉంటుంది. సూదీ దారం భిక్షువు కాలం నుంచీ జాబితాలో ఉన్నవే, ఇప్పుడూ ఉండాలి. చాలా విమానాశ్రయాల్లో చేతిసంచిలో ద్రవాలు ఒక్కో సీసాకు 100 మిల్లీలీటర్లు దాటకూడదు, నూనె తేలే పచ్చడి కూడా ఆ లెక్కలోకే వస్తుంది. పవర్ బ్యాంకు అప్పగించే పెట్టెలో పెట్టకూడదు, వెంటే ఉండాలి. అది 100 వాట్ అవర్ల లోపు, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్ లోపు ఉంటే ఇబ్బంది ఉండదు. ఎండు కొబ్బరి విమానయాన ప్రమాదకర వస్తువుల జాబితాలో ఉంది, లడ్డూలో తురుముకుని తింటాం కదా అని చిప్పలు పెట్టుకోవద్దు. యూరోపియన్ యూనియన్‌లోకి పాలతో, మాంసంతో చేసినవి మన దగ్గర నుంచి తీసుకుపోనివ్వరు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో తిండి పదార్థాలను ప్రకటించకపోతే అక్కడికక్కడే జరిమానా. మోయాల్సినవి మాత్రం తప్పక మోయాలి. రోజూ వేసుకునే మందులు, డాక్టరు రాసిచ్చిన చీటీతో సహా. మీ కంటికి సరిపడే కళ్ళజోడు ఇంకొకటి. పాస్‌పోర్టు, వీసా, బీమా కాగితాల నకళ్ళు వేరేగా. ఇవి దారి ఇవ్వదు. ఎడారికో, మనుషులు లేని కొండలకో వెళ్తుంటే డేరా, పొయ్యి కూడా ఈ కోవలోకే వస్తాయి. అక్కడ బరువు మోయడమే తెలివి.

కాబట్టి నా తీర్పు ఇది. సంచి కొనే ముందు దారిని తెలుసుకోండి. వెళ్ళే ప్రతి ఊళ్ళో ఏం దొరుకుతుంది, ఎవరికి దొరుకుతుంది, దానికి ఎవరు చెల్లిస్తున్నారు అని అడగండి. జవాబు వచ్చినకొద్దీ సంచి దానంతటదే చిన్నదవుతుంది. తేలిక ప్రయాణం పరాయి అలవాటని వెనక్కి తగ్గనక్కర్లేదు, మన నేల మీద దానికి విహారాలంత పాత చరిత్ర ఉంది. అలాగే తేలిగ్గా తిరిగివచ్చినవాళ్ళు ఆ తేలిక పూర్తిగా తమ ఘనత కాదని గుర్తుంచుకోవాలి. ఎక్కడో ఎవరో నీళ్ళూ నీడా పడకా సిద్ధంగా ఉంచబట్టే సంచి చిన్నదైంది. మన ఊళ్ళ మీదుగా వెళ్ళేవాళ్ళకు, వాళ్ళ కులమూ దేశమూ అడగకుండా, అదే ఏర్పాటు మనం చేయాలి. పాడుబడిన సత్రాలను బాగుచేసుకోవాలి, బస్టాండుల్లో తాగునీళ్ళు, శుభ్రమైన మరుగుదొడ్లు అడిగి సాధించుకోవాలి, మన ఊరికి ఎలా రావాలో, ఏం దొరుకుతుందో వివరంగా రాసిపెట్టాలి. వీరాస్వామయ్య 1830లో మజిలీ మజిలీకీ చేసిన ఆ పని ఇంకా పూర్తికాలేదు.